డైబ్లర్ ఇంట్లో పేలిన తుపాకీ

మా కొండ రోడ్డు మీద రెండో మలుపు తిరగ్గానే కుడిచేతి వైపు ఒక రాతి ఇల్లు ఉంటుంది. డైబ్లర్ వాళ్ళ ఇల్లు. చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ నడవరు. కార్లో పోయేవాళ్ళు కూడా అక్కడికొచ్చేసరికి అద్దం పైకెత్తి రేడియో గట్టిగా పెట్టుకుంటారు. అదేమంటే "చలి" అంటారు. జులైలో కూడా చలే!

ఆ ఇంట్లో ముసలి హైరమ్ డైబ్లర్ దెయ్యమై కూర్చుని ఉంటాడట... పొయ్యి పక్కన, ఊగుడు కుర్చీలో, ఒళ్ళో తుపాకీ పెట్టుకుని.

ఎవరి కోసం? జెర్బీల కోసం.

ఆ తుపాకీ చేసింది జేకబ్ జెర్బీ. మా లోయలో అంత మంచి తుపాకులు చేసినవాడు మళ్ళీ పుట్టలేదు. ఎలుగుబంటి వేటకని హైరమ్ దాన్ని ఎరువడిగి పట్టుకెళ్ళి, ఇక తిరిగివ్వలేదు. జేకబ్ చచ్చేదాకా ఆ గుమ్మం తొక్కలేదు. అతని కొడుకూ తొక్కలేదు, మనవడూ తొక్కలేదు. ఎప్పటికైనా ఒక జెర్బీ తుపాకీ కోసం వస్తాడని, వస్తే దానితోనే కాలుస్తానని హైరమ్ ఒట్టు పెట్టుకున్నాడని మావాళ్ళు చెప్పుకుంటారు.

నేను వేలాల దగ్గర కోడిమాంసం, మొక్కజొన్న వేసిన సూపూ, పళ్ళు కూరి కాల్చిన పైలూ అమ్మినదాన్ని. గిన్నె చేతిలో ఉన్నంతసేపు జనం ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటారు. వాటిలో సగం గాలి కబుర్లు. నేనూ ఆ హైరమ్ కథని గాలికే వదిలేశాను. కానీ డైబ్లర్లు ఆ ఇల్లు ఖాళీ చేశాక... కొన్ని రాత్రులు ఆ పొగగొట్టంలోంచి పొగ రావడం నేనే చూశాను. పగలు వెళ్ళి చూస్తే పొయ్యి చల్లగా ఉండేది.

తర్వాత, ఆ ఇంటి సామాను వేలం జరగాల్సిన రోజు పొద్దున, ఆ ఇంటి లోపలి మెట్ల మీద సలోమీ డైబ్లర్ చచ్చిపడి ఉంది.

సలోమీ అంటే హైరమ్ మనవరాలు. పెళ్ళి చేసుకోలేదు. ఆ ఇంట్లోనే పుట్టి, ఆ ఇంట్లోనే ముసలిదయింది. కాళ్ళు సరిగ్గా ఆడటం లేదని అన్న కొడుకు స్టాన్లీ ఆవిడని కొండ కింద తన ఇంటికి తెచ్చి పెట్టుకున్నాడు. అలాంటి మనిషి పడుకునే గౌనుతో, భుజాల మీద బొంతతో అక్కడికి ఎలా చేరిందో ఎవరికీ తెలియలేదు. డాక్టరు ఆవిడ ఒంట్లోంచి గుండ్రటి సీసపు గుండు తీశాడు. ఈ కాలపు తుపాకుల్లో ఎందులోనూ పట్టని గుండు.

ముందు రోజు సాయంత్రం స్టాన్లీ అటక మీద దొరికిన పాత తుపాకీ ఒకటి తెచ్చి ముందు గదిలో గోడకి ఆనించాడు. పొద్దున్నకి అది లేదు. మిగతా సామాను, వెండి చెంచాలతో సహా, పెట్టింది పెట్టినట్టే ఉంది.

దొంగ, అన్నారు పోలీసులు. వెండి వదిలేసే దొంగ ఎవడయ్యా, అన్నారు జనం. హైరమ్ వచ్చాడు, చీకట్లో సొంత మనవరాల్నే జెర్బీ అనుకున్నాడు, తుపాకీ తీసుకుని పోయాడు... ఇదీ ఊరు తేల్చుకున్న లెక్క. ఇప్పటికీ అదే చెబుతారు.

నిజంగా జరిగింది నేను చెబుతాను. విన్నది నేనూ, మా ఆయన క్లేటనూ. చెప్పినవాడు పోయాడు. మా ఆయనా పోయాడు. ఇక ఎవరి పరువు కోసం నోరు మూసుకోవాలి?

మా ఆయన పని పాత తుపాకులకి వెల కట్టడం. చుట్టుపక్కల ఎక్కడ వేలం జరిగినా తుపాకీ ఉందంటే ఆయన చూడాల్సిందే. మాలన్ జెర్బీ ఆయనకి చిన్ననాటి స్నేహితుడు. జేకబ్ జెర్బీ మునిమనవడు. జేకబ్ చేసిన తుపాకుల్ని ఒక్కొక్కటే వెతికి కొనడం అతని జీవితం. కారు అమ్మి ఒకటి కొన్నాడు. చెట్లతో సహా వెనక పొలం అమ్మి ఒకటి కొన్నాడు. అతని భార్య బతికుండగా, "నేను గనక తుపాకీగా పుట్టి ఉంటే ఈ మనిషి రోజూ నన్ను చూసేవాడు" అనేది. నవ్వుతూనే అనేదిలే.

అతని ముందు గదిలో గోడనిండా తుపాకులు. మధ్యలో మాత్రం రెండు కొయ్య మేకులు, ఖాళీగా. అవి హైరమ్ ఎత్తుకెళ్ళినదాని కోసం. జేకబ్ తన కోసం తను చేసుకున్న తుపాకీ అది. అందరివాటి మీదా పొడి అక్షరాలు కొట్టి, దాని మీద మాత్రం పూర్తి పేరు చెక్కాడట.

వేలానికి ముందు రాత్రి మాలన్ మా ఇంట్లో భోంచేస్తున్నాడు. ఫోన్ మోగింది. స్టాన్లీ.

మా ఆయన వింటూ వింటూ నిలబడిపోయాడు. "చెక్కకి ఇత్తడి మూతా? మూత మీద ఏముంది... పిట్టా? గొట్టం మీద పేరుందా? నెమ్మదిగా చదువు." తర్వాత అరిచాడు. "ముట్టుకోకు! తుడవకు, నూనె రాయకు. బట్ట తగిలిందంటే సగం ధర పోయినట్టే. అలా గోడకి ఆనించి ఇంటికి పో. పొద్దున వెలుతుర్లో నేనొచ్చి చూస్తాను."

ఫోన్ పెట్టి మాలన్ వంక తిరిగాడు. "అదేరా. ఉంది. అటక మీద బొంతలో చుట్టి ఉందట."

మాలన్ చేతిలో చెంచా గిన్నె మీదే ఆగిపోయింది.

"రేపు వేలానికి తుపాకుల పిచ్చి ఉన్న ఆ ఫిలడెల్ఫియా డాక్టరు వస్తున్నాడు," అన్నాడు మా ఆయన. "ఆయన కంటబడిందంటే ఇంక నీకూ నాకూ అందదు. ఆశ పెట్టుకోకు."

నాకు ఒళ్ళు మండింది. "సలోమీ కొండ కిందే ఉంది కదా. వెళ్ళి అడగరాదూ? నిన్నేమైనా మింగేస్తుందా?"

"జెర్బీలు డైబ్లర్లని అడగరు ఎల్వా."

"అడగకపోతే అమ్మయినా అన్నం పెట్టదు."

"అయితే పస్తుంటాం." లేచి టోపీ పెట్టుకున్నాడు. "సూప్ బావుంది." సగం గిన్నె అలాగే ఉంది.

మావాళ్ళ తీరే అంత. వేలంలో తల ఊపి పొలాలు కొంటారు గానీ, పక్కింటి నుంచి ఉప్పు అడగమంటే నాలుక పడిపోతుంది.

పొద్దున సలోమీ సంగతి తెలిశాక మా ఆయనకి అనుమానం రాలేదా అంటే, వచ్చింది. ఆ తుపాకీ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమంది గనక? ఏదో వంకతో మాలన్ ఇంటికి వెళ్ళి చూశాడు. గోడ మీద ఆ రెండు మేకులూ ఖాళీగానే ఉన్నాయి.

"వాడు కాదే," అన్నాడు వచ్చి, ఊపిరి పీల్చుకుంటూ. "వాడికి అది దొరికితే తగిలించకుండా ఉండగలడా? తాగుబోతు సీసా మూత తియ్యకుండా ఉంటాడా?"

తుపాకులు పోగుచేసేవాడు అలాగే ఆలోచిస్తాడు. ఆ ఆలోచనే మా ఇద్దర్నీ ఏళ్ళ తరబడి మోసం చేసింది.

మాలన్ ఊపిరితిత్తులు పాడైపోయి, ఇక లేవడని తెలిశాక, మా ఆయనకి కబురు పెట్టాడు... అన్నిటికీ వెల కట్టి పెట్టమని. నేనూ సూప్ పట్టుకుని వెళ్ళాను. గోడ మీదివన్నీ చూడటం అయింది. అప్పుడు మంచం మీంచే వేలు చూపించాడు.

"ఆ చెక్క ఎత్తు క్లేటన్. కిటికీ కింద."

నేల చెక్క కింద ఒక మూట. మూటలో... మెరిసే చారల మేపుల్ చెక్క. ఇత్తడి మూత. మూత మీద పిట్ట. గొట్టం మీద పూర్తి పేరు.

మా ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తాడు. పాత తుపాకీ చేతిలోకి రాగానే ఆయన మొట్టమొదట చేసేది ఒకటుంది. గొట్టం కిందుండే గజం కడ్డీ తీసి గొట్టంలోకి జారవిడవడం. ఖాళీ గొట్టమైతే కడ్డీ అడుగుకి తగిలి గంటలా "టంగ్" మంటుంది. లోపల మందు దట్టించి ఉంటే "దబ్" మంటుంది, కడ్డీ బయటికి పొడుచుకుని నిలబడుతుంది. నిద్రలో కూడా మర్చిపోడు. ఆ రోజు కూడా కడ్డీ జారవిడిచాడు.

టంగ్ మనలేదు. దబ్ మనలేదు. గరగరమంటూ తుప్పులో ఇరుక్కుపోయింది. మందు మసి కడగకుండా వదిలేస్తే ఇనుమును అలాగే తినేస్తుంది.

ఆ చప్పుడుకి మాలన్ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"ఆ రాత్రి నేను అదొక్కటే చెయ్యలేదు," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. మాటకీ మాటకీ మధ్య దగ్గుతూ, ఆగుతూ...

మా ఇంటి నుంచి అతను తిన్నగా ఆ కొండ మలుపు దగ్గరికే వెళ్ళాడు. దొంగతనానికి కాదు. అలా అని మంచిపనికీ కాదు. తుపాకీకి సుత్తీ, స్ప్రింగూ బిగించి ఉండే ఇనప పలకని మేం లాక్ అంటాం. రెండు మరలు తిప్పితే ఊడి వస్తుంది. అది ఊడదీసి జేబులో వేసుకోవాలని అతని ఎత్తు. లాక్ లేని తుపాకీ అంటే ఆ ఫిలడెల్ఫియా డాక్టరు పెదవి విరుస్తాడు. అప్పుడు మాలన్ తల ఊపుతాడు, చవగ్గా కొంటాడు, ఇంటికెళ్ళి లాక్ బిగించుకుంటాడు. వేలాల్లో ఇది పాత మాయే. చేసినవాళ్ళు ఎవరూ చెప్పరు.

చంద్రుడు లేడు. టార్చి వెలిగిస్తే కింద స్టాన్లీకి కనబడుతుందని వెలిగించలేదు. మా వైపు వెనక తలుపులకి తాళాలు వెయ్యరు... గడియ ఎత్తి లోపలికి అడుగుపెట్టాడు.

వంటిల్లు. చీకటి. తడుముకుంటూ పోతుంటే చెయ్యి పొయ్యికి తగిలింది.

పొయ్యి వెచ్చగా ఉంది.

ఎవరూ లేని ఇంట్లో... పొయ్యి వెచ్చగా ఉంది.

మాలన్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కదలకుండా నిలబడ్డాడు. పక్కన ఏదో చిన్నగా కిర్... కిర్... మంటోంది. చెయ్యి చాపాడు. ఊగుడు కుర్చీ. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఇంకా ఊగుతోంది.

"వెనక్కి తిరిగి పోవాల్సింది," అన్నాడు మాలన్. "అప్పుడు పోయినా సరిపోయేది."

పోలేదు. ముందు గదిలోకి వెళ్ళాడు. గోడ వెంబడి వేళ్ళు పాకించాడు. చల్లటి ఇనుము తగిలింది. చేతిలోకి తీసుకున్నాడు. చీకట్లోనే గొట్టం మీద వేలు జరిపితే ఒక్కొక్క అక్షరం తగిలింది... జే... కబ్... జెర్... అక్కడ ఏడ్చాడట. చిన్నప్పుడు నాన్న చనిపోయినప్పుడు కూడా అలా ఏడవలేదట.

అప్పుడు కడ్డీ జారవిడవాలి. చెయ్యి కడ్డీ దాకా వెళ్ళింది కూడా. కానీ టంగ్ మంటే? ఆ రాతి ఇంట్లో, ఆ నిశ్శబ్దంలో, అది చర్చి గంటలా మోగుతుంది. పైన ఉన్నది ఏదైనా... వింటుంది.

ఎందుకంటే పైన ఏదో ఉంది. నడుస్తోంది. ఒక అడుగు... ఏదో ఈడ్చిన చప్పుడు... మళ్ళీ ఒక అడుగు.

వందేళ్ళ తుపాకీ, ఖాళీగానే ఉంటుందిలే అనుకున్నాడు. కడ్డీ మీంచి చెయ్యి తీసేశాడు.

లాక్ ఊడాలంటే సుత్తిని సగం వెనక్కి లాగి ఆపాలి. లేకపోతే అడ్డం పడుతుంది. బొటనవేలితో లాగాడు.

క్లిక్.

పైన అడుగులు ఆగిపోయాయి.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత... మెట్ల మీద... దిగుతున్నాయి. నెమ్మదిగా. ఈడుస్తూ. గోడ మీద పసుపచ్చటి వెలుతురు కదులుతోంది. జెర్బీ ఎప్పుడొస్తాడా అని ఇన్నేళ్ళు కాచుకున్నవాడు వస్తున్నాడు అనుకున్నాడు మాలన్. తుపాకీతో సహా గోడకి అతుక్కున్నాడు.

వెలుతురు మలుపు తిరిగింది. తెల్లటి ఆకారం. విరబోసుకున్న తెల్ల జుట్టు. వెనక మెట్ల మీద పాకుతున్న బొంత...

అతను అటు తిరిగాడు. అతనితో పాటు తుపాకీ కూడా తిరిగింది. అంతే. మీట నొక్కలేదన్నాడు. నేను నమ్ముతాను. సుత్తిని సగంలో పట్టి ఆపే పన్ను ఆ పాత తుపాకుల్లో అరిగిపోయి ఉంటుంది, మా ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు. సుత్తి దానంతటదే జారింది. దాని కింద, ఏ కాలంలోనో ఎవరో నక్కల కోసం పెట్టి మర్చిపోయిన, మందుకి నిప్పంటించే రాగి టోపీ అలాగే అతుక్కుని ఉంది. దాని వెనక, అంతే పాత మందూ గుండూ.

ఇల్లంతా దద్దరిల్లింది. గదంతా పొగ.

కింద స్టాన్లీ కూడా విన్నాడు ఆ చప్పుడు. సోమవారం నుంచి జింకల వేట మొదలు... ఎవడో ఆగలేక దొంగ వేట ఆడుతున్నాడనుకుని అటు తిరిగి పడుకున్నాడు. అత్త తన గదిలోనే ఉందనుకున్నాడు పాపం. ఆవిడ వారానికి రెండు మూడు రాత్రులు మెల్లగా కొండెక్కి, తన పొయ్యి రాజేసుకుని, తన కుర్చీలో కాసేపు కూర్చుని వస్తోందని వాడికేం తెలుసు?

పొగ పల్చబడింది. ఆకారం మెట్ల మీద కూర్చుని ఉంది. అలిసిపోయిన మనిషి కూర్చున్నట్టు, నెమ్మదిగా కూర్చుంది. దీపం పక్కన పెట్టుకుంది. ఒక చేత్తో బొంతని కడుపుకి అదుముకుంది.

"ఎవరూ..." అంది. కళ్ళు చికిలించి చూసింది. "మాలన్ జెర్బీవి కదూ? మీ తాత పోలికే."

ఆవిడ చూపు అతని చేతిలోని తుపాకీ మీద పడింది.

"అటకంతా వెతుకుతున్నా దాని కోసం... కనబడలేదు. నీ చేతికే వచ్చిందా. పోన్లే, మంచిదయింది." ఊపిరి తీసుకుంది. "రేపు వాళ్ళెవరికో అమ్మేస్తారట. నీకిద్దామనే వచ్చాను నాయనా. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నా... మీలో ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని. ఒక్కళ్ళూ అడగలేదు."

"సలోమీ అత్తా..." అన్నాడు మాలన్. అదే మొదటిసారి ఆవిణ్ణి పేరు పెట్టి పిలవడం.

"వెనక తలుపు గుండా పో. స్టాన్లీ చూశాడంటే గోల చేస్తాడు. పో నాయనా."

ఇంతవరకూ చెప్పి మాలన్ ఆగాడు. మంచం పక్కన సూప్ చల్లారిపోయింది. మా ఆయన తుపాకీని ఒళ్ళోంచి దించి నేల మీద పెట్టాడు. నేను గోడ మీది ఖాళీ మేకుల వంక చూస్తున్నాను. అంత కష్టపడి తెచ్చుకున్నది ఒక్క రోజు కూడా తగిలించుకోలేదు. వచ్చినవాళ్ళు "ఆ మేకులేమిటి?" అని అడిగితే, "ఇంకా వెతుకుతున్నా" అని చెప్పాల్సి వచ్చేది. జాలేసింది. అసహ్యమూ వేసింది. ఏది ముందు వేసిందో చెప్పలేను.

"ఆవిడకి తగిలిందని నీకు తెలుసా?" అన్నాడు మా ఆయన.

"తెలుసు."

"బతికే ఉంది కదరా అప్పటికి."

"ఉంది."

"కొండ దిగితే స్టాన్లీ ఇంట్లో ఫోన్ ఉంది. నువ్వు ఎక్కడికి పోయావురా?"

మాలన్ చాలాసేపు దగ్గాడు.

"ఆవిడ పొమ్మంది... నేను పోయాను," అన్నాడు. "దీనితో సహా. ఇంటికే పోయాను క్లేటన్. పెరట్లో బాగా చీకటి. ఆవిడ లేవలేకపోయింది గానీ, దీపం తీసి పైకెత్తి పట్టుకుంది... వంటింటి కిటికీలోంచి నాకు దారి కనిపించాలని. నేను కంచె దాటి రోడ్డెక్కేదాకా... ఆ చెయ్యి దించలేదు."